మేకుకు మిగిలిన బిళ్ళ

గోదావరిఖని బజారులో మాది స్టీలు సామాన్ల దుకాణం. గరిటె నుంచి గంగాళం దాకా అన్నిటికీ ధర చెబుతాను. చెప్పిన ధర నిలబడదని నాకూ తెలుసు, కొనేవాళ్ళకూ తెలుసు. మా తాత, నాన్న, మేనమామలు అందరూ గల్లాపెట్టె వెనక కూర్చున్నవాళ్ళే. చిన్నప్పుడు మా ఇంట్లో రెండోసారి పెరుగు వేయించుకోవాలన్నా అమ్మతో బేరమాడాల్సిందే. అలాంటి నా దుకాణంలో వెల చెప్పని వస్తువు ఒకటుంది. చేపల తొట్టి పక్కన గోడకు ఏడు మేకులున్నాయి. దుకాణం కట్టేసే వేళకు ఆరు మేకులు ఖాళీ అవుతాయి. ఏడోదానికి ఒక ఇత్తడి బిళ్ళ అలాగే వేలాడుతూ ఉంటుంది.

మొన్న ఒకావిడ ఇడ్లీ పాత్ర బేరం చేస్తూ దాన్ని చూసింది.

"గా ఇత్తడి బిళ్ళ ఎంతకిస్తవే అన్నా?"

"అది అమ్మేది కాదక్కా."

"దేవునిదా?"

"కాదు."

"మరెందుకు గట్ల ఏలాడేసినవ్? తీసి లోపట పెట్టుకోరాదు."

"దాని మనిషి ఇంక రాలె అక్కా."

ఆవిడ నన్నొకసారి, బిళ్ళనొకసారి చూసి మళ్ళీ ఇడ్లీ పాత్ర ధరకు వచ్చింది. నా తడబాటులో అది నేననుకున్నదానికంటే తక్కువకు పోయింది. ఆ బిళ్ళలు తెచ్చిన కాక పోయి ఏడాది దాటింది. ఇంకా నాతో ధర దింపిస్తూనే ఉన్నాడు.

ఊరంతా ఆయన్ను 'ల్యాంపు రూము కాక' అనేది. అసలు పేరు నాకు తెలుసు గాని, ఆ పేరుతో పిలిస్తే ఆయనే తిరిగి చూసేవాడు కాదు. బొగ్గుబావిలోకి దిగే ప్రతి మనిషీ ముందు ల్యాంపు రూము కిటికీ దగ్గరికి రావాలి. తన నంబరున్న ఇత్తడి బిళ్ళ లోపలికి ఇచ్చి, టోపీకి తగిలించుకునే దీపం తీసుకోవాలి. బిళ్ళ మేకుకు ఎక్కుతుంది. షిఫ్టు అయ్యాక పైకొచ్చి దీపం అప్పజెబితే బిళ్ళ తిరిగి చేతికొస్తుంది. మేకుకు బిళ్ళ ఉందంటే మనిషి ఇంకా భూమి లోపలే ఉన్నాడని అర్థం. కాక ఉద్యోగమంతా ఆ కిటికీకి లోపలివైపే గడిచింది.

ఆ కిటికీ బాగా కిందికి ఉండేదట. మనుషుల ముఖాలు కనబడవు, చేతులే కనబడతాయి. అందుకని కాకకు మనుషులు చేతులతోనే గుర్తు. బజారులో ఎవరైనా "కాకా, బాగున్నవా" అంటే ముందు వాళ్ళ చేతులు చూసేవాడు, తర్వాత పేరు పెట్టి పలకరించేవాడు. ఒకసారి నా దుకాణంలో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డ మనిషిని పట్టుకుని "ఎవలు బాబూ మీరు, కొత్తగ వచ్చిన్రా?" అన్నాడు. ఆ మనిషి ఆయన సొంత బావమరిది. అలిగి రెండు పండగలకు ఇంటికి రాలేదట.

నాకు ఆయన గిరాకీగా పరిచయం. గట్టి మూత ఉన్న చిన్న స్టీలు డబ్బా కావాలని వచ్చాడు. నేను చెప్పాల్సిన ధర చెప్పాను. తానిచ్చేది ఆయన ఒక్కసారి చెప్పాడు. ఆ తర్వాత నోరు మూసుకుని తలెత్తి మా సీలింగు ఫ్యానును చూస్తూ నిలబడ్డాడు. కోపం లేదు, వెళ్ళిపోతానన్న బెదిరింపు లేదు. అరిచేవాళ్ళతో అరవడం నాకొచ్చు, ఏడ్చేవాళ్ళతో ఏడవడం కూడా వచ్చు. ఊరుకునేవాణ్ణి ఏం చేయాలో మా నాన్న నేర్పలేదు. నాకు నేనే ఒక మెట్టు దిగాను. ఆయన ఫ్యానునే చూస్తున్నాడు. ఇంకో మెట్టు దిగాను. చివరికి "సరే తీస్కపో కాకా, నా దుకాణం బంద్ పెట్టిస్తవ్ నువ్వు" అన్నాను. "ఫ్యాను చప్పుడొస్తున్నది సేటూ, నూనె ఎయ్యి" అని డబ్బా చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు వచ్చినా అదే పద్ధతి. నేను దిగుతూ ఉంటే ఆయన ఫ్యానును చూస్తూ ఉండేవాడు.

ఆ డబ్బా దేనికో చాలా రోజులకు తెలిసింది. చిన్నమ్మ, అంటే ఆయన భార్య, పెద్ద బిందె ఒకటి కొని మోయలేనంటే స్కూటరు మీద పెట్టుకుని వాళ్ళింటికి తీసుకెళ్ళాను. రిటైరై కంపెనీ క్వార్టరు ఖాళీ చేశాక కట్టుకున్న రెండు గదుల ఇల్లు. ముందుగదిలో మంచమంత పొడవున్న అద్దాల తొట్టి. గదంతా మసకమసకగా ఉంది. తొట్టిలో రాళ్ళు గుహల్లా పేర్చి ఉన్నాయి. వాటి మధ్య నీలం, నలుపు పట్టీల చేపలు కదలకుండా వేలాడుతున్నాయి. ఒకదానికి నుదుటి మీద బొడిపె.

"బతికే ఉన్నయా కాకా ఇవి?"

"డ్యూటీల ఉన్నరు. మెల్లగ మాట్లాడు."

వాటిని ఫ్రంటోసాలంటారట. ఆఫ్రికాలో బాగా లోతైన సరస్సు ఒకటుందట, దాని అడుగున వెలుగు అంతగా రాని రాళ్ళలో బతికే సిక్లిడ్ జాతి. రిటైరైన కొత్తలో కరీంనగర్‌లో బొటనవేలంత పిల్లలుగా ఉన్నప్పుడు కొన్నాడు. ఇవి పెరగడానికి ఏళ్ళు పడుతుంది, వేరేవి తీసుకొమ్మని దుకాణంవాడే చెప్పాడట.

"నాకు ఇగ షిఫ్టు లేదు. వాటికి తొందర లేదు. మంచిగ జోడు కుదిరిందనుకున్న," అన్నాడు కాక.

"పెండ్లి చేసుకున్నంక నన్ను సుత గింతసేపు సూడలె," అని చిన్నమ్మ లోపలినుంచి అంది.

తొట్టి కింద నల్లటి మందపాటి రబ్బరు పరిచి ఉంది. బొగ్గు మోసే బెల్టు అరిగిపోతే పారేసిన ముక్క. ఓపెన్‌కాస్టులో అంటే పైనుంచి తవ్వుకుపోయే గనిలో మధ్యాహ్నం బ్లాస్టింగు చేసినప్పుడు ఇల్లు అదురుతుంది. ఆ అదురుకు చేపలు బెదిరి అద్దాలకు కొట్టుకుంటాయి. పేల్చే ముందు మోగే సైరన్ వినబడగానే కాక తింటున్న అన్నం వదిలేసి వచ్చి రెండు అరచేతులూ అద్దానికి ఆనించి నిలబడేవాడు. అందువల్ల అదురు ఆగుతుందా అంటే ఆగదు. నేనా మాటే అన్నాను.

"ఆగదు. కని చెయ్యి కనబడితె జర ధైర్యం," అన్నాడు. చేపలకా, ఆయనకా అని అడగలేదు.

ఆయన చేపల పండితుడేమీ కాదు. మొదట్లో "మన ఊరోళ్ళయితరు" అని పెద్ద బొగ్గుపెళ్ళ తెచ్చి తొట్టిలో వేశాడట. నీళ్ళు నల్లగా అయి, చేపలన్నీ నోళ్ళు తెరుచుకుని పైకొస్తే, మొగుడూ పెళ్ళాం తడిబట్టలతో పొద్దంతా నీళ్ళు మోశారట. చిన్నమ్మ ఆ సంగతి ఎవరొచ్చినా చెప్పేది. దిష్టి తగులుతుందని తొట్టికి నిమ్మకాయ, మిరపకాయలు కట్టాడు. అయినా ఏడు చేపలూ బతికాయి. మా బోరునీళ్ళలో పప్పు ఉడకదు, నా గిన్నెలకు తెల్లటి పొర కడుతుంది. ఆ గట్టినీళ్ళే ఆ చేపలకు సరిపడ్డాయి. అది తన గొప్ప కాదని, నీళ్ళ గొప్పని కాకే అనేవాడు.

బొడిపె ఉన్న పెద్దది మేనేజరు. దాని వెనకే తిరిగేది సర్దారు, గనిలో కూలీల మీద పెద్ద. మధ్యవి నాలుగూ ఫిల్లర్లు, బొగ్గు ఎత్తి పోసేవాళ్ళు. అన్నిటికంటే చిన్నది బదిలోడు. గనిలో కొత్తగా చేరినవాణ్ణి బదిలీ వర్కరంటారు, ఎవరైనా రాకపోతే వాళ్ళ బదులు దిగేవాడు. ఈ చేప కూడా అంతే, మిగతావి తిని పక్కకు తప్పుకుంటే తప్ప ముందుకు రాదు. తోటివాళ్ళు అరచేయంత అయినా అది రెండు వేళ్ళ దగ్గరే ఆగింది. కాక కుర్చీ దానికెదురుగానే ఉండేది.

ఇక బిళ్ళలు. ఎప్పుడో వాడకం పోయిన పాత ఇత్తడి బిళ్ళలు ఏడు సంపాదించి గోడకు ఏడు మేకులు కొట్టాడు. పొద్దున తొట్టి లైటు వేయగానే ఏడూ మేకులకు ఎక్కేవి. మాపటికి లైటు ఆర్పే ముందు ఒక్కొక్క చేపనూ కళ్ళారా చూసి ఒక్కొక్క బిళ్ళ తీసి, నా దగ్గర కొన్న ఆ స్టీలు డబ్బాలో వేసేవాడు. ఏ చేపైనా రాళ్ళ వెనక ఉండిపోతే అది బయటికి వచ్చేదాకా కుర్చీలో కూర్చునేవాడు.

"అద్దాల పెట్టె దాటి యాడికి పోతది కాకా?" అన్నాను నవ్వుతూ.

దానికి జవాబుగా ఆయన చెప్పిన సంగతి ఇది. ఒకప్పుడు షిఫ్టు మొత్తం పైకొచ్చింది, ఒక్క బిళ్ళ మిగిలింది. మనిషి పైకి రావడం చూశామని నలుగురు చెప్పారు. కిటికీ మూసెయ్ అని పైవాళ్ళు అన్నారు. కాక మూయలేదు. ఇంటికి మనుషుల్ని పంపితే ఇంట్లో లేడు. లోపలికి దిగి వెతకాల్సిందేనని పట్టుబట్టి పెద్ద గొడవ చేశాడు. వెతికేవాళ్ళు టోపీలు పెట్టుకుంటూ ఉండగా తెలిసింది, ఆ మనిషి కల్లు కాంపౌండులో ఉన్నాడు. నెత్తిన దీపం అలాగే ఉంది, వెలుగుతూ ఉంది కూడా. దీపం వాపసివ్వడం మరిచిపోయి సరాసరి అక్కడికి నడిచాడు.

"నవ్విన్రు మస్తు. నవ్వనియ్యి. బిళ్ళ ఉన్నది, మనిషి రాలె. నేనెట్ల కిటికీ ముయ్యాలె?" అన్నాడు కాక. ఆయన నవ్వలేదు.

మేనేజరు మీద నాకు మొదటిరోజే కన్నుపడింది. అలాంటి చేప దుకాణంలో ఉంటే గిరాకీలు ఆగి చూస్తారు, ఆగినవాళ్ళు గ్లాసో గిన్నో కొంటారు. అడిగినప్పుడల్లా కాక ఒకటే మాట: "ఇంక పెరుగుతున్నడు." నా దుకాణంలో సరుకు కదలకపోతే నిద్రపట్టదు. ఆయన ఇంట్లో ఏళ్ళకేళ్ళు కదలని సరుకును చూసుకుంటూ మనిషి హాయిగా ఉన్నాడు. వాళ్ళింటికి వెళ్ళిన ప్రతిసారీ ఏదో ఒకటి ఇస్తానని అడిగేవాణ్ణి. ఆయన తలెత్తేవాడు. అదృష్టం, ఆయన ముందుగదిలో ఫ్యాను లేదు. చూరునే చూసేవాడు.

అలాంటి మనిషి ఒకనాడు తనే నా దుకాణానికి వచ్చాడు. చొక్కా వదులైంది. కడుపులో గడ్డ అన్నారట, హైదరాబాదులో బిడ్డ ఇంట్లో ఉండి దవాఖానకు తిరగాలట.

"చేపలు నీ దగ్గర పెడ్త సేటూ."

"నా దగ్గరనా? ఎందరో ఉన్నరు గద కాకా, నన్నెట్ల నమ్మినవ్?"

"పొద్దుగాల తెరుస్తవ్, మాపటికి మూస్తవ్. పండుగ లేదు, ఆదివారం లేదు. గింత ఆశపోతు మనిషి నాకు ఇంకోడు దొరకడు."

నన్ను ఇంత బాగా మెచ్చుకున్నవాళ్ళు ఇంకొకరు లేరు. ట్రాలీ ఆటోలో తొట్టి, రబ్బరు, రాళ్ళు, బకెట్లలో చేపలు, వాటి పాత నీళ్ళు వచ్చాయి. అన్నీ సర్దాక కాక స్టూలు మీద కూర్చుని ఏమేం చేయాలో చెప్పడం మొదలుపెట్టాడు. నేను ఊరికే వినాలి. కాని ఎదుటి మనిషి ఒక మాట చెబితే దాన్ని సగానికి కోయకుండా ఒప్పుకోవడం నా నోటికి చేతకాదు.

"దినాం నాలుగు మాట్ల మేత ఎయ్యాలె. చిటికెడు చిటికెడు."

"నాలుగు మాట్లయితె నా గిరాకి ఎవలు చూస్తరు కాకా? రెండు మాట్ల."

కాక నన్ను చూశాడు. "సరే, రెండు."

"గింజలు నానబెట్టి, అవి మునిగేటట్టయినంక ఎయ్యాలె. పైన తేలేటియి ఎయ్యద్దు. అందుకోబోయి గాలి మింగుతయ్."

"నానబెట్టుడు, పిండుడు, నాతోటి కాదు. ఎప్పుడన్న ఒకపారి నానబెడ్త."

"...నీ ఇష్టం."

"సైరన్ కొట్టినప్పుడు జర దగ్గర నిలబడాలె."

"బజార్లకు గంత అదురు రాదు కాకా. గదైతె తీసెయ్."

"సరే తియ్."

ప్రతిదానికీ ఆయనే దిగొచ్చాడు. ఒక్కసారి కూడా ఫ్యాను వైపు చూడలేదు. ఇన్నేళ్ళకు ల్యాంపు రూము కాకను ఓడించానని నాకు ఒళ్ళంతా హుషారు. ఆ ఊపులో బదిలోణ్ణి చూపించి, "నువ్వొచ్చేసరికి వీణ్ణి పర్మినెంటు చేసి చూపిస్త, చూడు" అన్నాను.

కాక నవ్వాడు. "తొందరపెట్టకు సేటూ. వాని టైముకు వాడైతడు."

ఒక్క బిళ్ళల దగ్గర మాత్రం దిగలేదు. నా గోడకు ఏడు మేకులు తనే కొట్టాడు. సుత్తె నాదే. "గిది బేరం లేదు. మాపటికి ఏడుగురిని చూసినంకనే లైటు బంద్ చెయ్యాలె," అన్నాడు. సరేనన్నాను, ఒక్కటైనా వదిలిపెడితే బేరం అందంగా ఉంటుందని. ఆ రాత్రి అన్నం దగ్గర మా ఆవిడకు నేను గెలిచిన సంగతి చెప్పాను. ఆమె విని, "పాణం బాగలేని మనిషితోని బేరం చేసినవా?" అని కూర వడ్డించింది. నాకు అప్పటికి అది ఆడవాళ్ళ మాటలాగే వినబడింది. ఎదుటివాడు బేరం మానేస్తే వాడి దగ్గర ఓపిక అయిపోయిందని అర్థం. గల్లాపెట్టె వెనక పుట్టి పెరిగిన నాకు ఆమాత్రం తెలియాలి. ఎదురుగా కూర్చున్న మనిషిలో దాన్ని చూడలేదు.

హైదరాబాదు వెళ్ళాక కాక రోజూ షట్టరు దించే వేళకు ఫోను చేసేవాడు. 'హలో' లేదు, 'బాగున్నవా' లేదు.

"సేటూ, అందరు పైకొచ్చిన్రా?"

"ఆగు కాకా, చూస్తున్న. మేనేజరు వచ్చిండు. సర్దారు వచ్చిండు. ఫిల్లర్లు... ఒకడు తోక చూపిస్తున్నడు, తోక చూస్తె సగం లెక్క రాసుకుంటవా?"

"తల చూడు."

"తల ఇస్తలేడు. సగానికి ఖాయం చేసుకో."

"ఆగు. వస్తడు."

ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఇద్దరం ఆగేవాళ్ళం. ఆయన ఊపిరి వినబడేది, అవతల ఎవరిదో టీవీ వినబడేది. చేప బయటికొచ్చేది. బిళ్ళ తీసి డబ్బాలో వేస్తే ఆ టంగుమన్న చప్పుడు ఆయనకు వినబడాలి. ఏడు చప్పుళ్ళు విన్నాక "మంచిది" అని పెట్టేసేవాడు.

నేను బదిలోణ్ణి పర్మినెంటు చేసే పనిలో పడ్డాను. ఆ మాట సరదాగా అన్నదే. కాని సరదాగా చెప్పిన ధర కూడా నిలబెట్టుకోవాలనే రోగం ఒకటి నాకుంది. తొందరగా పెంచుతాయని పేరున్న గింజలు తెచ్చాను. అవి నీళ్ళ మీద తేలేవి. ఒకటి రెండు రోజులు నానబెట్టాను, తర్వాత మానేశాను. బదిలోడు దిగువనే ఉంటాడు కదా, పైకి రావడం అలవాటు చేయాలని మిగతావి తిన్నాక వాడి తల పైన పిడికెడు వేసేవాణ్ణి. వాడు నేర్చుకున్నాడు. నన్ను చూస్తే ముందు వాడే పైకి దూసుకొచ్చేవాడు, గబగబా మింగేవాడు. "కాకా, మీ బదిలోడు ఉరుకుతున్నడు" అని ఫోనులో గొప్పలు చెప్పాను.

"ఉరుకుతున్నడా? ఎందుకు?" అన్నాడు కాక.

"ఆకలైతున్నది, పెరుగుతున్నడు!"

"జర తగ్గించు సేటూ."

తగ్గిస్తానని చెప్పి తగ్గించలేదు.

ఒకనాటి పొద్దున షట్టరు ఎత్తేసరికి బదిలోడు నీళ్ళ మీద పక్కకు ఒరిగి ఉన్నాడు. కడుపు ఉబ్బింది. లోపలికి దిగాలని రెక్కలు కొట్టుకునేవాడు, జానెడు దిగేవాడు, గాలి నిండిన కడుపు వాణ్ణి మళ్ళీ పైకి తెచ్చేది. లోతుల్లో బతకాల్సిన చేప అది. గిరాకీలు వచ్చారు, పోయారు. ఎవరికి ఏం అమ్మానో గుర్తులేదు. మధ్యాహ్నం సైరన్ మోగింది. నేను కౌంటరు దాటి వెళ్ళి రెండు చేతులూ అద్దానికి ఆనించి నిలబడ్డాను. బజారుకు అదురు రాదని కాకతో అన్నాను కదా, వచ్చింది. నా చేతుల కింద అద్దం సన్నగా వణికింది. కాసేపటికి వాడు కొట్టుకోవడం మానేశాడు.

దుకాణం వెనక తులసి కుండీ పక్కన పాతిపెట్టాను. బిళ్ళ మేకుకు ఉంది. చూడలేక తీసి గల్లాపెట్టెలో అడుగున పడేశాను.

షట్టరు వేళకు ఫోను మోగింది.

"సేటూ, అందరు పైకొచ్చిన్రా?"

"వచ్చిన్రు కాకా. అందరు వచ్చిన్రు."

అవతల ఏమీ లేదు. ఆ మౌనం నాకు బాగా తెలుసు. దాని ముందు నేనెప్పుడూ నిలబడినవాణ్ణి కాదు, ఒక్కో మెట్టూ దిగి ఉన్నది ఒప్పుకునేవాణ్ణి. ఆ రోజు ఒక్క మెట్టు దిగి ఉంటే సరిపోయేది. ఆయన కూడా అందుకే ఆగాడేమో. జబ్బు మనిషికి చెప్పకూడదు, దుఃఖపెట్టకూడదు అని నాకు నేను సర్దిచెప్పుకుని గట్టిగా నిలబడ్డాను. మంచి సాకు దొరికితే నేను కొనకుండా వదలను.

"గట్లనా. మంచిది," అని కాక పెట్టేశాడు.

ఆ తర్వాత కూడా ఫోను చేశాడు, కొన్నాళ్ళు. చేపల మాట అడగలేదు. "తిన్నవా సేటూ?" అనేవాడు. "తిన్న కాకా" అనేవాణ్ణి. అంతే. చేపల ఊసు రానందుకు నేను లోలోపల బతికిపోయాననుకున్నాను. తర్వాత ఫోన్లు ఆగిపోయాయి. తర్వాత కబురొచ్చింది.

గోదావరి ఒడ్డుకు చాలామంది వచ్చారు. చేతులను బట్టి ఆయన గుర్తుపట్టిన మనుషులు, దీపాలు ఇచ్చి పుచ్చుకున్నవాళ్ళు. అందరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. నేను వెనక నిలబడ్డాను.

దినాలయ్యాక చిన్నమ్మను చూడటానికి వెళ్ళాను. చేపలు వాపసు కావాలా అని అడగాలి. ఏడోదాని సంగతికి మాటలు ముందే తయారు చేసుకున్నాను. కాక పోయిన వారానికే అది కూడా పోయింది చిన్నమ్మా, ఆయన మీద బెంగతోనే కావచ్చు. విన్నవాళ్ళు కళ్ళు తుడుచుకునేలా ఉంది, దారిలో రెండుసార్లు అనుకుని చూసుకున్నాను కూడా.

చిన్నమ్మ టీ గ్లాసు నా చేతిలో పెట్టి ఎదురుగా కూర్చుంది. తొట్టి ఉండే చోట నేల మీద పొడవాటి గుర్తు తెల్లగా మిగిలి ఉంది.

"ఆరున్నయ్ గద బిడ్డా?" అంది.



"ఎవలు చెప్పిన్రు చిన్నమ్మా?"

"మీ కాకనే. నీతోని ఫోన్ల మాట్లాడి పెట్టేసి, 'బదిలోడు పోయిండే' అన్నడు. సేటు చెప్పిండా అన్న. 'చెప్పలె. అందరొచ్చిన్రని అన్నడు. చూసి చెప్పెటోడు జర ఆగుతడు. సేటు ఆగలె, బిళ్ళ చప్పుడు రాలె' అన్నడు."

టీ గ్లాసు కింద పెట్టాను. నా దుకాణం గ్లాసే అది.

"మరి నన్ను అడగకపాయె?"

"నేను గదే అంటి. మళ్ళొకపారి అడుగరాదు అంటి. 'అడిగితె ఇంకొకటి చెప్పాలె ఆయన. ఒక్కటి మోసుడే కష్టం. వద్దు' అన్నడు. తిన్నవా అని అడుగుతుండె గద నిన్ను? నువ్వు ఫికర్‌తోని తింటలేవేమోనని."

నేను తలెత్తి చూరు వైపు చూశాను. ఆయన అక్కడ ఏం చూసేవాడో తెలియదు. నాకేమీ కనబడలేదు.

చిన్నమ్మ గొంతులో నింద లేదు. ఉంటే బాగుండేది, ఎదురు మాట్లాడటం నాకొచ్చు. కొంగుతో గ్లాసు అంచు తుడిచి, చివరగా చెప్పింది.

"కని ఆ దినం నుంచి దవాఖానల లైటు బంద్ చెయ్యనియ్యలె బిడ్డా. నర్సమ్మ వచ్చి ఆర్పుతె మళ్ళ ఎయ్యిమనెటోడు. 'ఒకడు రాలె, ఎట్ల బంద్ చేస్తరు' అనెటోడు. పక్క మంచాలోళ్ళు మస్తు తిట్టిన్రు. తిట్టనియ్యి అన్నడు."

చేపలు నా దగ్గరే ఉంచుకొమ్మంది.

దుకాణానికి వచ్చి గల్లాపెట్టె అడుగునుంచి బిళ్ళ తీశాను. అరిగిన ఇత్తడి మీద నంబరు సగమే కనబడుతుంది. దాన్ని ఏడో మేకుకు తగిలించాను. ఇప్పుడు గింజలు నానబెడతాను, మునిగాకే వేస్తాను, నాలుగు మాట్లు, చిటికెడు చిటికెడు. సైరన్ మోగితే గిరాకీని నిలబెట్టి వెళ్ళి అద్దం మీద చేతులు పెడతాను. మేనేజరు బొడిపె ఇంకొంచెం పెరిగింది. ఈ జాతి గుడ్లను నోట్లోనే పొదుగుతుందట, ఫిల్లర్లలో ఒకటి మొన్న నోటినిండా గుడ్లు పెట్టుకుని నెలరోజులు మేత ముట్టలేదు. ఇవన్నీ కాక చూడాల్సినవి. నేను చూస్తున్నాను. బేరమాడి తగ్గించుకున్న పనంతా ఇప్పుడు పూర్తి ధరకు చేస్తున్నాను, తీసుకునే మనిషి లేడు.

మాపటికి ఆరుగురిని చూసి ఆరు బిళ్ళలు డబ్బాలో వేస్తాను. చేపలకు చీకటి కావాలి గనక తొట్టి లైటు ఆర్పుతాను. షట్టరు దించుతాను. దుకాణం ముందున్న బల్బు మాత్రం ఆర్పను.

పక్క బట్టల దుకాణం ఆయనకు ఇది పెద్ద వింత. పొద్దుండగా బల్బు వేస్తే మా ఆవిణ్ణి కసిరే మనిషిని నేను. నిన్న తాళం వేస్తుంటే అడిగాడు.

"ఏంది సేటూ, కరెంటు పుక్కట్ల వస్తున్నదా నీకు? బంద్ చెయ్యవు."

జవాబు చెప్పేముందు కాస్త ఆగాను.

"ఒకడు రాలె," అన్నాను.